సంతకాలు కాకముందే పొక్కితే

హోస్ట్: నమస్కారం, బరంపురం నుంచి మన సినిమా కబుర్లకి స్వాగతం. బయట వాన పడుతోంది, మధ్యలో ఆటోల హారన్లు వినిపిస్తే సర్దుకోండి. ఇవాళ మనతో మాట్లాడే అక్క మనూరి అమ్మాయే. హైదరాబాద్‌లో ఎడిటింగ్ నేర్చుకుని, ఇప్పుడు డిస్కుల్లో, ఓటీటీల్లో సినిమాతో పాటు ఇచ్చే ఎక్స్‌ట్రాలు తయారు చేస్తున్నారు. డిలీటెడ్ సీన్లు, మేకింగ్ వీడియోలు, సినిమా నడుస్తుండగా దాని గురించి చెప్పే కామెంటరీలు అన్నమాట. పేరు మాత్రం చెప్పొద్దన్నారు.

గెస్ట్: రేపు నాకు మళ్లీ ఎవరైనా పనివ్వాలి కదా తమ్ముడూ.

హోస్ట్: (నవ్వు) సరే అక్కా, సూటిగానే అడుగుతాను. కొత్త సినిమా లీకైతే ఎవరికి నష్టమో అందరికీ తెలుసు. ఎప్పుడో వచ్చి వెళ్లిపోయిన సినిమాలో కోసేసిన సీను ముందే బయటికొస్తే ఎవరి కొంప మునిగింది? ఫ్యాన్స్ పండగ చేసుకుంటారు, అంతేగా?

గెస్ట్: అందరూ ఇదే అడుగుతారు. 2013లో 'అత్తారింటికి దారేది' గుర్తుందా? విడుదలకి ముందే దాదాపు సగం సినిమా బయటికొచ్చేసింది. పెడనలో సీడీలు అమ్మారని పోలీసులు పట్టుకున్నారు కూడా.

హోస్ట్: గుర్తులేకేం. మా నాన్న సీడీల షాపుకొచ్చి 'ఉందా ఉందా' అని అడిగినవాళ్లు ఎంతమందో.

గెస్ట్: అప్పుడు నిర్మాత ఏం చేశారు? అనుకున్న తేదీ కంటే ముందుకు జరిపి సెప్టెంబర్ 27నే విడుదల చేసేశారు, జనం ఎగబడి చూశారు. అలా చెయ్యగలగడానికి కారణం సినిమా పూర్తయి ఉండటమే. ఎక్స్‌ట్రాలు లీకయ్యేది ఎప్పుడూ సగంలో ఉండగానే. ముందుకు జరపడానికి మా చేతిలో ఏముంటుంది? సగం పని, సగం మాట.

హోస్ట్: సగం మాట అంటే?

గెస్ట్: పర్మిషన్లు. సినిమా తీసింది ఒక నిర్మాత. నెగెటివ్ రైట్స్, అంటే అసలు సినిమా మీద హక్కులు, ఇంకెవరికో అమ్మేసి ఉంటారు, డిజిటల్ ఒకరికి, ఆడియో మరో కంపెనీకి. సీనులో వెనకాల ఎక్కడో రేడియోలో పాట మోగిందనుకో, ఆడియో కంపెనీని అడక్క తప్పదు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక, పాట థియేటర్ బయట వాడుకుంటే రాయల్టీలో రచయితకీ సంగీత దర్శకుడికీ వాటా ఉంది. ఇక కాగితం మీద లేనివి కూడా ఉంటాయి. డైరెక్టర్ వద్దనుకుని కోసిన సీనుని ఆయన్ని అడక్కుండా పెట్టలేం కదా. ఇలా ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, కాఫీ తాగి, మాట తీసుకుని, తర్వాత సంతకం. మన దగ్గర సగం వ్యవహారం మొహమాటం మీదే నడుస్తుంది.

హోస్ట్: ఈలోగా వార్త పొక్కితే రేటు పెంచేస్తారు.

గెస్ట్: రేటు పెంచితే బేరమాడుకుంటాం. భయం పట్టుకుంటేనే కష్టం. నిన్నటిదాకా 'దానిదేముందమ్మా, పెట్టుకో' అన్న పెద్దాయన ఇవాళ 'మా లాయర్‌తో మాట్లాడు' అంటాడు. కంపెనీ లాయర్ అయితే అంత దూరం కూడా పోడు, 'ఆ సీను తీసేయండి' అంటాడు. సినిమా లేకపోతే డిస్కు లేదు కానీ, సీను లేకపోతే డిస్కు ఆగదు కదా.

హోస్ట్: మీకు అలా జరిగిందా?

గెస్ట్: జరిగింది. సినిమా పేరు అడక్కు. హీరోయిన్‌కి అప్పటికి తెలుగు రాదు. మేడ మీద తండ్రితో గొడవపడే సీను, నిడివి కోసం కోసేశారు. అసోసియేట్ ఎడిటర్ దగ్గర పాత హార్డ్ డిస్కులో దొరికింది. మన సినిమాలకి డబ్బింగ్ తర్వాత చెబుతారు కదా, డబ్బింగ్‌కి ముందే పోయిన సీనుకి షూటింగ్‌లో గుర్తు కోసం పట్టిన సౌండ్, పైలట్ ట్రాక్ అంటారు, అది తప్ప ఇంకేమీ ఉండదు. అందులో ఏముంటుంది? జనరేటర్ మోత. కెమెరా వెనక నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్. అతను 'నాన్నా, నువ్వు నన్ను ఎప్పుడైనా అడిగావా' అని ముక్క ముక్కగా అరుస్తాడు, ఆ వెంటనే ఈ అమ్మాయి తప్పుల తడకగా అదే అంటుంది. కానీ చెవులు మూసుకుని మొహం చూడు, కళ్లలో నీళ్లు గిర్రున తిరుగుతుంటాయి. సినిమా మొత్తంలో ఆ అమ్మాయి అంత బాగా ఎక్కడా చెయ్యలేదు.

హోస్ట్: అబ్బా.

గెస్ట్: అప్పటి డబ్బింగ్ ఆర్టిస్టు మళ్లీ చెబుతానంది. సంగీత దర్శకుడు చిన్న బిట్ ఇస్తానన్నాడు. భాష రాకుండా డైలాగులు ఎలా పట్టేదో ఆ హీరోయిన్ కెమెరా ముందు చెప్పడానికి ఒప్పుకుంది. నన్నడిగితే సీను కంటే ఆ ఇంటర్వ్యూయే ముఖ్యం. ఈలోగా ప్రివ్యూకి పంపిన కాపీ ఎవరి దగ్గర్నుంచో జారిపోయింది. తెల్లారేసరికి ప్రాంప్టింగ్ ముక్కలు మాత్రం కత్తిరించి మీమ్స్.

హోస్ట్: ఆమె చూసింది.

గెస్ట్: చూడకుండా ఉంటుందా? ఫోన్ తియ్యడం మానేసింది. ఆమెని తప్పుపట్టను, ఎవరైనా అదే చేస్తారు. కంపెనీ వాళ్లదేమో ఇంకో మాట: 'అందరూ చూసేశారుగా, మళ్లీ డబ్బు పోసి డబ్బింగ్ ఎందుకు?' జనం చూసింది మసకబారిన కాపీ, బొమ్మ మీద అడ్డంగా నిమిషాలు, సెకన్లు చూపే టైమ్‌కోడ్ అంకెలు. మంచి స్కాన్ డ్రైవ్‌లో అలాగే పడుంది.

హోస్ట్: ఒక్కటి ఒప్పుకోను అక్కా. అన్నీ గుట్టుగా ఉంచితే, జనానికి కావాలని కంపెనీలకి ఎలా తెలుస్తుంది? గోల చేస్తేనే కదా కదులుతారు.

గెస్ట్: గోల చెయ్యండి, కానీ అన్నీ ఖాయమయ్యాక. 'మెట్రోపాలిస్' అని 1927 నాటి జర్మన్ మూకీ సినిమా ఉంది. పోయాయనుకున్న సీన్లు 2008లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ మ్యూజియంలో దొరికాయి. 16 ఎంఎం కాపీ, నిండా గీతలు. మ్యూజియం వాళ్లు బెర్లిన్ తీసుకెళ్లి నిపుణులకి చూపించి, అవునని తేల్చుకున్నాకే ప్రపంచానికి చెప్పారు. 2010 ఫిబ్రవరిలో బెర్లిన్‌లోనే బాగుచేసిన సినిమా వేశారు. ఆ మధ్య ఏడాదిన్నర పైగా కావలసినంత గోల. అది పనికొచ్చే గోల.

హోస్ట్: అసలు ఈ ఎక్స్‌ట్రాల పిచ్చి ఎప్పుడు మొదలైంది? మా షాపు డీవీడీల్లో 'స్పెషల్ ఫీచర్స్' నొక్కితే వేరే సినిమాల ట్రైలర్లే వచ్చేవి.

గెస్ట్: (నవ్వు) మనవాటిలో అంతే. అమెరికాలో 1984లో 'కింగ్ కాంగ్' లేజర్‌డిస్కుకి, అంటే డీవీడీలకి ముందు వచ్చిన పెద్ద డిస్కుకి, రొనాల్డ్ హేవర్ అనే ఆయన పక్కన కూర్చుని చెబుతున్నట్టు కామెంటరీ ఇచ్చాడు, అదే మొదటిదంటారు. మన దగ్గర ఇప్పుడిప్పుడే. 'ఆర్ఆర్ఆర్' మేకింగ్ డాక్యుమెంటరీని 2024లో థియేటర్లలోనే వేశారు కదా. కొత్త సినిమాలకి బాగానే దాస్తున్నారు. పాతవాటికి మాత్రం ఎవరింట్లో ఏముందో వెతుక్కోవాల్సిందే.

హోస్ట్: మన సరిహద్దు వైపు కూడా దొరుకుతాయా?

గెస్ట్: ఎందుకు దొరకవు? ఇచ్ఛాపురం దాటి ఇటు బరంపురం, అటు పర్లాకిమిడి, రాయగడ దాకా థియేటర్లకి వచ్చిన ప్రింట్లలో తిరిగి వెళ్లనివీ ఉన్నాయి. ఒక రిటైరైన థియేటర్ ఆపరేటర్ ఇంట్లో అటక మీద డబ్బాలున్నాయని తెలిసి వెళ్లాను. వెయ్యి అడుగుల రీలంటే పదకొండు నిమిషాల సినిమా. తర్వాతి ప్రింట్లలో లేని పాట అందులో ఉందని ఆయన చెప్పాడు. చూద్దామనుకునేలోపే నాతో వచ్చినవాళ్లలో ఒకరు డబ్బా ఫొటో గ్రూపులో పెట్టేశారు. ఎవరెవరో ఫోన్లు. డబ్బా తన ఇంట్లో ఉన్నా బొమ్మ మీద హక్కు తనది కాదని ఆయనకి తెలుసు. 'దొంగసొత్తంటారేమో తల్లీ' అని తలుపేసుకున్నాడు. నేను మళ్లీ వెళ్తే వాళ్లబ్బాయి గుమ్మంలోనే మాట్లాడి పంపేశాడు.

హోస్ట్: రాయగడ నుంచి ఒక శ్రోత ప్రశ్న. 'మా తాతగారి ట్రంకుపెట్టెలో రీళ్లున్నాయి. ఏం చెయ్యాలి?'

గెస్ట్: ప్రొజెక్టర్ మీద ఎక్కించొద్దు, పెళుసుబారిన ఫిల్ము పుటుక్కున తెగుతుంది. డబ్బా తెరిస్తే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తోందా చూడండి. వస్తే ఆ రీలుని మిగతావాటికి దూరంగా పెట్టండి, ఆ జబ్బు పక్కవాటికీ అంటుకుంటుంది. చల్లగా, చెమ్మ లేనిచోట ఉంచి పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి రాయండి. డబ్బా మీద చీటీ ఉంటే ఫొటో తీసి వాళ్లకే పంపండి.

హోస్ట్: గ్రూపులో పెట్టకుండా.

గెస్ట్: మీ ఫ్యామిలీ గ్రూపులో కూడా వద్దు. అందులో బావలుంటారు.