నెట్ ఆగిపోతే ముందు రౌటర్‌ని తిట్టకండి, పక్కనున్న హార్డ్ డిస్క్‌ని చూడండి

[తెర మీద: నల్ల విండోలో పింగ్ నడుస్తోంది]

నమస్తే. ముందు ఈ అంకెలు చూడండి. ల్యాప్‌టాప్‌కి డాంగిల్, అంటే వై-ఫై అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క, గుచ్చి ఉంది. దాన్నుంచి రౌటర్‌కి పింగ్ పెట్టి వదిలేశాను. పింగ్ అంటే ఉన్నావా అని అడిగి, జవాబుకి ఎంతసేపు పట్టిందో చూడటం. 3 మిల్లీసెకన్లు, 4, 3, 3. హాయిగా ఉంది. ఇప్పుడు పక్కనే ఉన్న యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్‌లోకి ఒక పెద్ద ఫైల్ కాపీ పెడుతున్నాను. 40. 180. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, అంటే జవాబే రాలేదు. మళ్ళీ టైమ్డ్ అవుట్. కాపీ ఆపేశాను. 5, 3, 3.

చూశారుగా. రౌటర్ అదే, డ్రైవర్ (డాంగిల్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అదే, నెట్ కంపెనీ కూడా అదే. మారింది ఒక్క డిస్క్ పనిచేయడం, ఆగడం.

నాకు చిరాకు తెప్పించేది ఏంటంటే, ఇలాంటి సమస్య ఎవరు చెప్పుకున్నా వచ్చే సలహా ఒకటే: డ్రైవర్ మళ్ళీ వేయండి, అయినా తగ్గకపోతే విండోస్ మళ్ళీ వేయండి. వేస్తారు. ఒక రోజు పోతుంది. డిస్క్ మాత్రం డాంగిల్ పక్కనే, అదే పోర్టులో ఉంటుంది. మళ్ళీ అదే గోల. ఇంకొంతమంది మరీ ముందుకెళ్ళి ఐఆర్‌క్యూ కాన్‌ఫ్లిక్ట్ అంటారు, అంటే ప్రాసెసర్‌ని పిలిచే లైను కోసం రెండు కార్డులు కొట్టుకోవడం. దాని సంగతి తర్వాత చెప్తాను, అదో పాత దెయ్యం.

ముందు డిస్క్ సంగతి. యూఎస్‌బీ 3లో డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో వెళ్తుంది. అంత వేగంగా వోల్టేజీ పైకీ కిందకీ ఊగుతుంటే కనెక్టర్ నుంచి, కేబుల్ నుంచి రేడియో తరంగాలు కొంత బయటికి కారతాయి. అవి ఏదో ఒక్క ఫ్రీక్వెన్సీలో ఉండవు, చాలా వెడల్పుగా పరుచుకుంటాయి. మన వై-ఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. ఇది నా సిద్ధాంతం కాదు. 2012లో ఇంటెల్ వాళ్ళే కొలిచి పేపర్ రాశారు. యూఎస్‌బీ 3 డిస్క్ తగిలిస్తే ఆ బ్యాండ్‌లో రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరిగింది. 20 డెసిబెల్స్ అంటే పవర్‌లో వంద రెట్లు.

మిక్సీ నడుస్తుండగా ఫోన్ మాట్లాడటం గుర్తు తెచ్చుకోండి. అవతలివాళ్ళు మామూలుగానే మాట్లాడుతున్నారు, ఫోన్ బాగానే ఉంది, మీ చెవులూ బాగానే ఉన్నాయి. అయినా ముక్క వినిపించదు. ఇక్కడ డిస్క్ మిక్సీ, డాంగిల్ మీ చెవి. మిక్సీకి మీ మీద పగేమీ లేదు, దాని పని అది చేసుకుంటోంది.

ఇంకో చిక్కు కూడా ఈ మిక్సీతోనే అర్థమవుతుంది. వై-ఫై గీతలు నిండుగా ఉన్నాయి, అయినా నెట్ రావట్లేదు అంటారు. అవును, నిండుగానే ఉంటాయి. ఆ గీతలు రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి కానీ, మధ్యలో రొద ఎంతుందో చెప్పవు. గీతలు చూసి వై-ఫై బాగానే ఉందని తేల్చేయడం వల్లే సగం మంది దారి తప్పుతారు. మీ వైర్‌లెస్ మౌస్ కూడా సరిగ్గా అదే సమయంలో తడబడుతోందా? అయితే అనుమానమే అక్కర్లేదు. అది కూడా చాలావరకు 2.4లోనే మాట్లాడుతుంది.

మరి ఏం చేయాలి? మిక్సీ నడుస్తుంటే మీరేం చేస్తారు, పక్క గదిలోకి వెళ్తారు. ఇక్కడా అంతే. డాంగిల్‌ని నేరుగా పోర్టులో గుచ్చకుండా, ఒక చిన్న యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డిస్క్‌కి దూరంగా పెట్టండి. ఒక జానెడు దూరం జరిగినా తేడా కనిపిస్తుంది. తలుపు వేసుకోవడం కూడా ఒక దారే, అంటే షీల్డింగ్, అదే రొద బయటికి కారకుండా ఆపే లోహపు తొడుగు, బాగున్న కేబుల్ వాడటం. చవక కేబుల్స్‌లో ఆ షీల్డింగే నాసిరకంగా ఉంటుంది, ఈ విషయంలో పిసినారితనం వద్దంటాను. అన్నిటికన్నా మంచిది, రౌటర్‌లోనూ డాంగిల్‌లోనూ ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి మారిపోవడం. అక్కడ ఈ రొద బాగా తగ్గిపోతుంది. గట్టిగా అరవడం మాత్రం పరిష్కారం కాదు. రౌటర్‌కి పెద్ద యాంటెన్నాలు కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

[తెర మీద: డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరిచి ఉంది]

ఇప్పుడు అసలైన తేడా పట్టుకోవాలి. విండోస్‌లో డివైస్‌ల లిస్టు చూపించే డివైస్ మేనేజర్ తెరిచి పెట్టుకుని, కాపీ మొదలుపెట్టండి. వై-ఫై అడాప్టర్, అంటే మన డాంగిల్, పేరు లిస్టులో కదలకుండా ఉండి, నెట్ మాత్రం నత్తనడక నడుస్తుంటే అది రొద. అలా కాకుండా, యూఎస్‌బీ ఊడినప్పుడు వచ్చే శబ్దం వచ్చి, అడాప్టర్ పేరు లిస్టులోంచి మాయమై మళ్ళీ వస్తోందా? అప్పుడు మిక్సీని వదిలేయండి, అది కరెంటు సమస్య. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, యూఎస్‌బీ 3 అయితే 900. సొంత పవర్ అడాప్టర్ లేని హబ్‌కి (ఒక పోర్టుని చాలా పోర్టులుగా చేసేది) డిస్క్, డాంగిల్ రెండూ తగిలిస్తే ఆ కాస్త కరెంటునే పంచుకోవాలి. డిస్క్ తిరగడం మొదలుపెట్టగానే డాంగిల్ సొమ్మసిల్లుతుంది. దీనికి విడి పవర్ అడాప్టర్ ఉన్న హబ్ వాడాలి, లేదా డాంగిల్‌ని నేరుగా కంప్యూటర్‌కే పెట్టాలి.

అలాగే డివైస్ మేనేజర్‌లో వై-ఫై అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అనే ట్యాబ్ ఉంటే, పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపేయొచ్చు అన్న టిక్ తీసేయండి. కాసేపు వాడకపోతే నెట్ పోతోంది అనేవాళ్ళకి చాలాసార్లు మందు ఇదే.

సరే, ఆ పాత దెయ్యం. ఒకప్పుడు ఐఎస్ఏ కార్డుల కాలంలో, అంటే పాత పీసీల్లో మదర్‌బోర్డుకి గుచ్చే కార్డుల రకం, ఐఆర్‌క్యూ లైన్లు 0 నుంచి 15 వరకు, మొత్తం 16. ప్రాసెసర్‌ని పిలవడానికి ఒక్కో కార్డుకి ఒక్కో లైను కావాలి. చాలా నెట్‌వర్క్ కార్డులు 3వ లైను మీద సెట్ అయి వచ్చేవి, సీరియల్ పోర్టు కామ్ 2ది కూడా అదే లైను. అక్కడ మోడెమ్ ఉందనుకోండి, రెండూ కొట్టుకునేవి. కార్డు బయటికి తీసి, దాని మీదుండే జంపర్ అనే చిన్న పిన్ను తొడుగు మార్చి మళ్ళీ పెట్టాలి. అది నిజమైన కాన్‌ఫ్లిక్ట్. తర్వాత వచ్చిన పీసీఐ అనే కార్డు స్లాట్ రకంలో ఒకే లైనుని చాలా కార్డులు పంచుకోవచ్చు. ఇప్పటి పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో అయితే ఆ పిలుపు మామూలుగా విడి లైను మీద కాదు, మెసేజ్‌గా వెళ్తుంది. కాబట్టి సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో కాన్‌ఫ్లిక్ట్స్/షేరింగ్ అన్న పేజీలో బోలెడన్ని పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. అక్కడున్నది చాలావరకు షేరింగే. ఆ పేజీ ఫొటో తీసి పంపి, నా కంప్యూటర్ పోయిందా అని టెన్షన్ పడేవాళ్ళని చూస్తే, ఆ పేరు పెట్టినవాళ్ళ మీద కోపం వస్తుంది.

నిజంగా వనరులు, అంటే ఈ ఐఆర్‌క్యూ లైన్ల లాంటివి, చాలకపోతే విండోస్ దాచదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడుతుంది, దాని మీద డబుల్ క్లిక్ చేస్తే కోడ్ 12 అని ఉంటుంది. ఖాళీ వనరులు దొరకలేదని అర్థం. కోడ్ 10 అంటే డివైస్ మొదలవలేదు. డ్రైవర్ సంగతి ఆలోచించాల్సింది అప్పుడు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

డెస్క్‌టాప్‌లో కొత్త ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ పెట్టగానే నెట్‌వర్క్ కార్డు అసలు కనిపించకుండా పోయిందా? చాలా మదర్‌బోర్డుల్లో ఆ ఎస్ఎస్‌డీ కూర్చునే ఎం.2 స్లాట్, ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఒకే లేన్లని, అంటే డేటా వెళ్ళే దారుల్ని, వాడుకుంటాయి. ఒకటి నిండితే రెండోది ఆగిపోతుంది. మాన్యువల్‌లో స్లాట్ల పట్టిక కింద సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. కార్డుని ఇంకో స్లాట్‌కి మార్చండి. ఇక్కడ మిక్సీ పోలిక పనికిరాదు, సారీ.

లినక్స్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక నెట్ పోతే, నెట్‌వర్క్ కార్డు పేరు మారిందేమో చూడండి. ఇఎన్‌పి3ఎస్0 అన్న పేరులో 3 అనేది పీసీఐ బస్ నంబరు. కొత్త కార్డు రాగానే నంబర్లు జరిగి అదే ఇఎన్‌పి4ఎస్0 అవ్వొచ్చు. మీ కాన్ఫిగ్ ఫైల్ (నెట్ సెట్టింగులు రాసి ఉండే ఫైల్) మాత్రం పాత పేరు పట్టుకుని కూర్చుంటుంది. ఐపీ లింక్ కమాండ్ కొట్టి ఇప్పటి పేరేంటో చూసి ఫైల్‌లో మార్చండి, లేదా మ్యాక్ అడ్రస్‌కి, అంటే ఆ కార్డుకే ఉండే సొంత నంబరుకి, ముడిపెట్టండి.

ల్యాప్‌టాప్‌లో ఉన్న వై-ఫై, మీరు కొన్న డాంగిల్ రెండూ ఆన్‌లో ఉంటే ఒకటి డిసేబుల్ చేయండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టగానే నెట్ నెమ్మదిస్తే అదీ 2.4 గొడవే, 5కి మారండి.

ఏది కారణమో అస్సలు తెలియకపోతే, అదనంగా తగిలించినవన్నీ పీకేసి పింగ్ పెట్టండి. నిలకడగా ఉంటే ఒక్కొక్కటే మళ్ళీ తగిలిస్తూ పోండి. ప్రతిసారీ కాస్త ఆగి, దానికి పని చెప్పి చూడండి. డిస్క్ అయితే కాపీ పెట్టాలి, ఊరికే తగిలించి వదిలేస్తే దొరకదు. రెండు ఒకేసారి మాత్రం తగిలించకండి.