రాతి సందే ఆవాసం: మంచినీటి క్రేఫిష్ పునరుద్ధరణ

సభకు నమస్కారం. రొయ్యలా పొడవుగా ఉండి, పీతలా పెద్ద గోళ్లుండే మంచినీటి జీవి క్రేఫిష్. భారతదేశంలో స్థానికమైన క్రేఫిష్ జాతి ఒక్కటీ లేదు. అయినా తిరుపతిలో దాని గురించి మాట్లాడటానికి కారణం ఉంది. మన చెరువుల్లోని ఎండ్రకాయ కూడా అదే పదికాళ్ల జీవుల వర్గానికి చెందినది. ఇక్కడి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో ఒజియోటెల్ఫూసా సెనెక్స్ అనే మంచినీటి పీత మీద విస్తృతంగా పరిశోధనలు జరిగాయి.

బ్రిటన్‌లో స్థానికంగా ఉన్న తెల్లగోళ్ల క్రేఫిష్ నేడు ప్రమాదంలో పడింది. 1970ల్లో పెంపకం కోసం తెచ్చిన ఉత్తర అమెరికా సిగ్నల్ క్రేఫిష్, తాను పెద్దగా దెబ్బతినకుండానే మోసే ఒక తెగులుతో స్థానిక జాతిని తుడిచిపెడుతోంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాటిని నదులతో సంబంధంలేని పాత క్వారీ గుంటల వంటి చోట్లకు తరలించి, అక్కడ వాటికి ఆవాసం కల్పిస్తున్నారు.

ఆ ఆవాసానికి ప్రాణం సందుల్లోనే ఉంది. క్రేఫిష్ పెరగాలంటే పెంకు విడవాలి. కొత్త పెంకు గట్టిపడేదాకా చేపలకే కాదు, సాటి క్రేఫిష్‌లకూ అది ఆహారమే. పిల్లలు పెద్దవాటికంటే తరచుగా పెంకు విడుస్తాయి కాబట్టి, పెద్ద రాళ్ల మధ్య చిన్న రాళ్లు, బోలు ఇటుకలు కలిపి పేర్చి, రకరకాల వెడల్పుల సందులు మిగల్చాలి. ఒకే కొలత గొట్టాలు వేసి పని ముగిసిందనుకోవడం నాకు సమ్మతం కాదు. ఒండ్రు చేరి సందులు పూడిపోతే పడిన శ్రమంతా వృథా అవుతుంది గనుక, ఒండ్రు తక్కువగా చేరే చోటును ఎంచుకోవడం రాళ్లు మోయడం కంటే ముఖ్యం.

క్రేఫిష్‌కూ మన మంచినీటి పీతకూ నీటిలో తేలుతూ దూరం కొట్టుకుపోయే డింభక దశ లేదు. గుడ్లు తల్లి పొట్ట కిందే పొదిగి, పిల్లలు తల్లి రూపంలోనే బయటికి వస్తాయి. అందువల్ల ఒక చెరువులో అవి అంతరించాక, మళ్లీ వాటంతట అవి వచ్చి చేరడం చాలా కష్టం.

చిత్తూరు ప్రాంతపు పాత చెరువుకట్టలకు లోపలివైపు సున్నం లేకుండా పేర్చిన రాళ్లుంటాయి. ఆ సందులు పీతలకు ఆశ్రయమే. మరమ్మతుల పేరిట వాటన్నిటినీ సిమెంటుతో నున్నగా కప్పేస్తే, అవతలి దేశంలో ఖర్చుపెట్టి కడుతున్నదాన్నే మనం చేజేతులా మూసేసినవాళ్లమవుతాం. కట్ట భద్రతకు ఇబ్బంది లేనిచోట, నీటి అంచున కొంత మేరైనా రాళ్లను అలాగే వదలాలని ఇంజనీర్లను కోరుతున్నాను. అక్వేరియం కోసం కొన్న విదేశీ క్రేఫిష్‌ను మాత్రం ఏ చెరువులోనూ, వాగులోనూ వదలకండి.