పుస్తకం మన దగ్గర ఏమి దాస్తోంది?

నమస్కారం. "మంచి సస్పెన్స్ పుస్తకం ఒకటి చెప్పండి" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీ దగ్గర ఏది దాచిపెడితే మీకు నిద్ర పట్టదు? ఎవరు చేశారన్నదా? ఎలా చేశారన్నదా? ఎందుకు చేశారన్నదా? లేక అసలు ఏం జరిగిందన్నదే తెలియకపోతేనా?

పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలు, థ్రిల్లర్లు, నిజ నేరగాథలు, సైన్స్ ఫిక్షన్ వేరు వేరు అరల్లో ఉంటాయి. నాకు మాత్రం అవన్నీ ఒకే అర. ప్రతిదీ మన దగ్గర ఏదో దాస్తుంది. కళ్లెదుటే పెట్టి దాచిందా, తొండి ఆడి దాచిందా అన్నదే నేను చూసేది. ఈ వీడియోలో ముగింపులు చెప్పను కాబట్టి నిశ్చింతగా వినవచ్చు. నిజంగా జరిగిన కేసుల్లో మాత్రం చరిత్రకెక్కిన సంగతులు చెప్పక తప్పదు.

అన్నిటికన్నా పాతదానితో మొదలుపెడదాం. విల్కీ కాలిన్స్ రాసిన ‘ద మూన్‌స్టోన్’, 1868. 1799లో శ్రీరంగపట్నం కోట పడిపోయి టిప్పు సుల్తాన్ మరణించిన రోజున ఒక ఆంగ్ల సైనికాధికారి ఒక వజ్రాన్ని కాజేస్తాడు. అదే వజ్రం ఏళ్ల తరువాత ఇంగ్లండులో ఒక అమ్మాయికి పుట్టినరోజు కానుకగా చేరుతుంది. ఆ రాత్రే మాయమవుతుంది. ఈ వజ్రం కథకు కోహినూర్ కథ కూడా ఒక ఆధారమని కాలిన్స్ ముందుమాటలో తానే చెప్పుకున్నాడు. కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు గని మన కృష్ణా తీరంలోనిదే. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. అంటే లండన్ పాఠకులు వారం వారం ఎదురుచూసి చదివిన ఆ సీరియల్‌కు మూలం మన గుంటూరు సీమ మట్టిలో ఉందన్నమాట. ఇది నాకు భలే సరదాగా అనిపిస్తుంది.

సరే, అసలు విషయానికి వద్దాం. ఆ ఇంట్లో ఒక తలుపు మీద రంగు చెదిరి ఉంటుంది. ముందు వచ్చిన స్థానిక పోలీసు అధికారి దాన్ని చూసి, ఉదయం పనిమనిషుల గౌన్లు తగిలి చెదిరి ఉంటుందిలే అని కొట్టిపారేస్తాడు. తరువాత లండన్ నుంచి సార్జెంట్ కఫ్ వస్తాడు. గులాబీల పిచ్చి ఉన్న సన్నపాటి మనిషి. ఆయన అడిగేది ఒకే ఒక్కటి: ఈ రంగు ఆరడానికి ఎంతసేపు పడుతుంది? పన్నెండు గంటలు. వేయడం ఎప్పుడు పూర్తయింది? ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి. అయితే తెల్లవారుజామున మూడింటికల్లా ఆరిపోయింది. పనిమనిషులు అటు వచ్చినది పొద్దున పదకొండింటికి. కాబట్టి తలుపుకు తగిలింది వారి బట్టలు కావు. రాత్రి ఎవరో అటు నడిచారు, ఆ ఎవరో వేసుకున్న బట్టకు రంగు అంటింది. ఆ బట్ట ఎక్కడ? ఇక నవలంతా ఆ బట్ట వెనకే నడుస్తుంది.

న్యాయంగా దాచడం అంటే నా దృష్టిలో ఇదే. తలుపు మన ముందే ఉంది, రంగు మన ముందే ఉంది, ఆరే గడువూ చెప్పేశారు. లెక్క కట్టనిది మనమే. పైగా కథను ఒక్కరు కాదు, చాలామంది చెబుతారు. కనబడినవారికల్లా భక్తి కరపత్రాలు పంచే మిస్ క్లాక్ చెప్పే భాగం చదువుతుంటే నవ్వు ఆగదు. నిడివి ఎక్కువే, ఒప్పుకుంటాను. మధ్యలో కొంచెం సాగుతుంది కూడా. కానీ కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఇప్పుడు దీని పక్కన పెట్టి చదవవలసిన పుస్తకం. కేట్ సమ్మర్‌స్కేల్ 2008లో ప్రచురించిన ‘ద సస్పిషన్స్ ఆఫ్ మిస్టర్ విచర్’. ఇది నవల కాదు, నిజంగా జరిగిన కేసు. 1860 జూన్ చివరి రాత్రుల్లో ఒకనాడు ఇంగ్లండులోని రోడ్ హిల్ హౌస్ అనే ఇంట్లో, నాలుగేళ్లు కూడా నిండని పసివాణ్ణి పక్క మీద నుంచి ఎత్తుకుపోయి చంపేశారు. పెద్దింటి వ్యవహారం. లండన్ పోలీసుల ప్రధాన కార్యాలయం స్కాట్లండ్ యార్డ్ నుంచి జాక్ విచర్ వచ్చాడు. 1842లో అక్కడ డిటెక్టివ్ విభాగం పెట్టినప్పుడు చేరిన మొదటి ఎనిమిది మందిలో ఆయన ఒకడు. ఆయన పట్టుకున్న ఆధారం ఏమిటో తెలుసా? చాకలి పద్దు. ఆ ఇంట్లో పదహారేళ్ల అమ్మాయి కాన్‌స్టన్స్‌కు మూడు నైట్‌గౌన్లు ఉండాలి, ఒకటి లెక్కకు రావడం లేదు. చనిపోయిన పిల్లవాడికి ఆమె సవతి అక్క.

విచర్ ఆమెను అరెస్టు చేశాడు. దేశం భగ్గుమంది. ఒక సామాన్యుడు పెద్దమనుషుల ఇంట్లో ఆడపిల్లల బట్టలు లెక్కపెట్టడమా! కేసు నిలబడలేదు, ఆయన పేరు మంటగలిసింది. ఐదేళ్లకు, 1865లో, కాన్‌స్టన్స్ తానే వచ్చి నేరం ఒప్పుకుంది. ఇరవై ఏళ్లు జైల్లో గడిపి, ఆస్ట్రేలియా వెళ్లి, పేరు మార్చుకుని నర్సుగా పనిచేసి, నూరేళ్లు బతికి 1944లో కన్నుమూసింది. ఇంత చెప్పేశాక ఇక చదవడానికి ఏముంది అనుకోకండి. ఆమె ఒప్పుకున్నది మొత్తం నిజమేనా అని సమ్మర్‌స్కేల్ వేసే ప్రశ్న చివరి దాకా గుచ్చుతూనే ఉంటుంది. కాలిన్స్ నవలలోని రంగు మరక బట్ట ఎక్కడి నుంచి వచ్చిందో, కఫ్‌లో ఎవరి పోలికలు ఉన్నాయో కూడా ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. ముందు నవల, తరువాత ఈ కేసు. ఆ వరసలోనే చదవండి.

నిజ నేరగాథల దగ్గరకు వచ్చాం కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఇక్కడ రచయిత హంతకుణ్ణి దాచడు, తనను తాను దాచుకుంటాడు. ట్రూమన్ కపోటీ ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ 1966లో పుస్తకంగా వచ్చింది. 1959 నవంబరులో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో హోల్కమ్ అనే చిన్న ఊళ్లో రైతు కుటుంబానికి చెందిన నలుగురిని కాల్చి చంపారు. ఆ ఇంట్లో ఇనప్పెట్టె ఉందని, అందులో పదివేల డాలర్లు ఉంటాయని జైల్లో ఒక మాజీ పాలేరు చెప్పిన మాట పట్టుకుని ఇద్దరు దొంగలు చాలా దూరం నుంచి కారులో వచ్చారు. ఇనప్పెట్టె లేదు. ఆ రైతు ప్రతి లావాదేవీ చెక్కుల మీదే నడుపుతాడని ఊరందరికీ తెలుసు. దొంగలకు దక్కింది యాభై డాలర్లలోపు నగదు. ఎవరు చేశారో కపోటీ మొదట్లోనే చెప్పేస్తాడు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందన్నది మాత్రం సగం దాటే దాకా చెప్పడు. తెలిసిన కథనే ఊపిరి బిగబట్టి చదివించడం ఎలాగో నేర్చుకోవాలంటే ఈ పుస్తకమే చదవాలి.

కానీ ప్రతి అక్షరం నిజమని చెప్పుకున్న ఈ పుస్తకంలో చివరి శ్మశానం సన్నివేశం కల్పితం. అలాంటి కలయిక జరగలేదు. ఇది నాకు తొండి. నవల అని రాసి ఉంటే చప్పట్లు కొట్టేవాణ్ణి. చదవవద్దని అనను, చదివేటప్పుడు "ఇది ఈయనకు ఎలా తెలుసు?" అని పేజీ పేజీకీ అడుగుతూ చదవండి.

దీనికి విరుగుడు యాన్ రూల్ ‘ద స్ట్రేంజర్ బిసైడ్ మీ’, 1980. సియాటిల్‌లో ఆత్మహత్య ఆలోచనలతో ఫోను చేసేవారికి ధైర్యం చెప్పే కేంద్రంలో ఆమె రాత్రిపూట పనిచేసేది. పక్క ఫోను దగ్గర ఒక మర్యాదస్తుడైన కుర్రాడు. తరువాత ఆ ప్రాంతంలో అమ్మాయిలు మాయమవుతుంటే ఆ హత్యల మీద పుస్తకం రాయడానికి ఆమె ఒప్పందం కుదుర్చుకుంది. ఆ హంతకుడు ఆ కుర్రాడే, టెడ్ బండీ. ఇక్కడ రచయిత్రి దేన్నీ దాచలేదు. ఎంతకాలం నమ్మలేకపోయిందో కూడా చెప్పింది.

మిషెల్ మెక్‌నమారా రాసిన ‘ఐ విల్ బి గాన్ ఇన్ ద డార్క్’ కూడా అలాంటిదే. పుస్తకం పూర్తికాకుండానే ఆమె 2016లో చనిపోయింది. 2018 ఫిబ్రవరిలో పుస్తకం వచ్చింది, రెండు నెలలకు, ఏప్రిల్‌లో, ఆమె వెతికిన కాలిఫోర్నియా హంతకుడు దొరికాడు. అతను మాజీ పోలీసు. వంశవృక్షాల కోసం జనం ఇచ్చుకున్న డీఎన్ఏ వివరాల ద్వారా అతని బంధువుల నుంచి అతని దాకా వెళ్లారు. రాత్రిపూట ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఈ పుస్తకం తెరవకండి. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

హైదరాబాదువారికి ఒక చిన్న కానుక. 1839లో వచ్చిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ రాసిన ఫిలిప్ మెడోస్ టేలర్ నిజాం కొలువులో పనిచేసిన ఆంగ్లేయుడు. దారికాచి రుమాలుతో గొంతు బిగించే అమీర్ అలీ తన కథ తానే చెప్పుకుంటాడు. కథ బిగువుగా ఉంటుంది. అయితే దొర రాసినదంతా చరిత్ర అనుకోవద్దు. థగ్గులను తెల్లదొరతనం ఎంత పెంచి చూపిందన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోని గొడవ.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కెయిగో హిగాషినో జపనీస్ నవల, ఇంగ్లీషులో ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. మూలం 2005లో వచ్చింది, ఇంగ్లీషు అనువాదం 2011లో. పీడించే మాజీ భర్త ఇంటికి వస్తాడు, తల్లీ కూతురూ అతణ్ణి చంపేస్తారు. ఇది మొదట్లోనే, మన కళ్ల ముందే జరుగుతుంది. పక్కింట్లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి తలుపు తట్టి, మిగతాది నేను చూసుకుంటాను అంటాడు. ఈ మాట వినగానే మీకు ఒక సినిమా గుర్తుకు వస్తుంది. దాన్ని పక్కన పెట్టి చదవండి. ఎవరు చంపారో తెలుసు, ఎందుకో తెలుసు, ఎలాగో తెలుసు. అయితే ఇంకేం దాచాడు? అదే చమత్కారం.

ఒకచోట ఇషిగామి తన పరీక్ష ప్రశ్నల గురించి చెబుతాడు. చూడటానికి రేఖాగణితం లెక్కలా ఉంటుంది, నిజానికి అది బీజగణితం లెక్క అంటాడు. విద్యార్థి అజ్ఞానం కాదు, అతని అలవాటే అతణ్ణి పడగొడుతుందట. ఆ పేజీ దాటేటప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. పుస్తకం ముగించి మళ్లీ వెనక్కి వెళ్లి చూస్తే, మొత్తం నవలకు తాళంచెవి అక్కడే, ఏ ముసుగూ లేకుండా ఉంది. అగాథా క్రిస్టీ 1926లో ‘ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్’ రాసినప్పుడు ఇది తొండి అని గోల చేసినవారున్నారు. నా తీర్పు: కాదు. రెండోసారి చదవండి, ఆమె ఒక్క అబద్ధం కూడా రాయలేదు.

మన తెలుగులో? అద్దె పుస్తకాల షాపుల కాలంలో పెరిగినవారికి కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, మధుబాబు గారి షాడో తెలియనివి కావు. అవి పరుగు మీద నడిచే కథలు. దాచిపెట్టిన చిక్కుముడి కోసం కాదు, ఆ వేగం కోసం చదవాలి. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ దారి వేరు. పసిపిల్ల జబ్బుకు కారణం క్షుద్రమా, వైద్యానికి అందేదా అన్నది రెండు పక్కలా సమానంగా నడిపి తీర్పు మనకే వదిలేస్తుంది. అందుకే చదివినవారు ఇప్పటికీ వాదించుకుంటారు. నవ్వు కావాలంటే మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి ‘చంటబ్బాయి’ ఉండనే ఉంది.

సైన్స్ ఫిక్షన్ అనగానే మనవాళ్లు చాలామంది ఆమడ దూరం జరుగుతారు. డిటెక్టివ్ కథలు ఇష్టమున్నవారికి అక్కర్లేని భయం అది. ఈ రెండూ కలవవని, ఎందుకంటే డిటెక్టివ్ చివర్లో ఏదో ఒక కొత్త యంత్రం తీసి సమస్య తేల్చేయవచ్చని సైన్స్ ఫిక్షన్ పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ వాదించేవాడు. ఐజక్ అసిమోవ్ దానికి జవాబుగా ‘ద కేవ్స్ ఆఫ్ స్టీల్’ రాశాడు, 1954లో అది పుస్తకంగా వచ్చింది. జనమంతా ఉక్కు కప్పుల కింద బతికే న్యూయార్క్. పక్కనే ఉన్న బయటి గ్రహాలవారి స్థావరంలో హత్య. తనిఖీ గేటు గుండా ఆయుధం వెళ్లదు. ఆరుబయట నడిచి వెళ్లాలంటే ఆ నగరవాసులకు గుండె ఆగినంత పని, పుట్టి బుద్ధెరిగాక ఆకాశం చూసినవారు కారు. రోబోకు ఆ భయం లేదు, కానీ అది మనిషిని చంపలేదు, నియమం అలాంటిది. చిక్కు మొత్తం మీ చేతిలో పెట్టేశాడు. ఇక తేల్చుకోవలసింది మీరే.

మనకు మాత్రం ఇలాంటి ఊహలు లేవా అంటే, గుర్రపు తల ఉన్న గంధర్వుణ్ణి తీసుకెళ్లి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడేసినవారు విశ్వనాథ సత్యనారాయణ గారు! ‘హాహా హూహూ’ దొరికితే వదలకండి.

కొత్తవాటిలో లియు సిషిన్ ‘ద త్రీ బాడీ ప్రాబ్లమ్’ మొదటి సగం అద్భుతం. ఒక శాస్త్రవేత్త తీసిన ఫోటోల్లో మాత్రమే అంకెలు తగ్గుతూ కనబడతాయి, అదే కెమెరాతో ఇంట్లోవాళ్లు తీస్తే ఏమీ ఉండదు. మనుషులు మాత్రం కొయ్యబొమ్మల్లా ఉంటారు, కథలో వచ్చే ఒక మొరటు పోలీసు తప్ప. కాబట్టి సైన్స్ ఫిక్షన్ ఇంతవరకు ముట్టనివారికి నేను ముందుగా ఇచ్చేది ఆండీ వియర్ ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’, 2021. ఒక మనిషి కళ్లు తెరుస్తాడు. తన పేరు గుర్తు లేదు, ఎక్కడున్నాడో తెలియదు. చేతిలో ఉన్న వస్తువును కిందపడేసి, పడటానికి పట్టిన సమయం కొలిచి, తాను భూమి మీద లేనని లెక్క కట్టి తెలుసుకుంటాడు. స్కూలు ఫిజిక్సు చాలు, మీరూ అతనితో కలిసి లెక్క వేయవచ్చు. ఒక్క జాగ్రత్త: ఈ పుస్తకం కొన్నాక వెనక అట్ట చదవకండి. అతను ఎక్కడ ఉన్నాడో, ఎందుకు వచ్చాడో తెలుసుకోవడానికి అన్ని పేజీలు కష్టపడతాడా, అట్ట మీద అదంతా నాలుగు వాక్యాల్లో చెప్పేశారు.