ఈ అసైన్‌మెంటు ఎవరు రాశారు?

శ్రోతలకు నమస్కారం. కిందటేడాది ఇంటర్నల్ మార్కులు వేసే రోజుల్లో ఒక డిగ్రీ కళాశాలలో నా కళ్లముందు జరిగిన సంగతి చెప్పి విషయంలోకి వస్తాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన ఒక అమ్మాయి పత్తి రైతుల అప్పుల మీద ఇంగ్లీషులో నాలుగు పేజీల అసైన్‌మెంటు రాసి ఇచ్చింది. వాక్యాలు చిన్నవి, మాటలు తేలికైనవి, తప్పులు దాదాపు లేవు. యంత్రం రాసినదాన్ని పట్టిస్తుందని చెప్పే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, అందులో చాలా భాగం కృత్రిమ మేధ రాసిందేనని అది తేల్చింది. ఆ మాట పట్టుకుని సున్నా వేశారు; వద్దనకుండా ఊరుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాడు ఆ అమ్మాయి ఒక రూళ్ల నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో తెలుగులో రాసుకున్న చిత్తుప్రతి ఉంది, అంచుల వెంట నిఘంటువు చూసి ఎక్కించుకున్న ఇంగ్లీషు మాటలు ఉన్నాయి, కొట్టివేసి మళ్లీ రాసిన వాక్యాలు ఉన్నాయి.

పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ఈ యంత్రాల పని తీరు కొంత తెలియాలి. 2022 నవంబరు 30న విడుదలైన చాట్‌జీపీటీ వంటివి, కోట్లాది పుటల రాతను చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి వాక్యాన్ని అల్లుతాయి. 'రైతు బ్యాంకులో తీసుకున్న' అన్న తర్వాత 'అప్పు' అనే మాటే ఎక్కువగా వస్తుంది కదా, అలాగన్నమాట. వాటిని పట్టుకునే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆధారం కూడా ఇదే: మాటల వరస ఎంత ఊహించదగ్గదిగా ఉంటే, అది యంత్రం రాసిందన్న అనుమానం అంత పెరుగుతుంది. పరాయి భాషలో జాగ్రత్తగా, తనకు తెలిసిన కొద్ది మాటలతోనే రాసే విద్యార్థి వాక్యం సహజంగానే ఊహించదగ్గదిగా ఉంటుంది.

ఇది నా ఊహ కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి ఏడు సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లీషు పరిజ్ఞాన పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఇస్తే, సగటున నూటికి 61 వ్యాసాలు యంత్రం రాసినవేనని అవి చెప్పాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల విషయంలో మాత్రం దాదాపు పొరపడలేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక పరీక్షా సాధనాన్ని తెచ్చి, అది యంత్రపు రాతలో నూటికి 26 వంతులే పట్టుకోగలుగుతోందని తానే ప్రకటించి, కచ్చితత్వం చాలదని జూలైలో ఉపసంహరించుకుంది. తయారుచేసినవారే నమ్మని తూకంతో పల్లెటూరి పిల్లల నిజాయితీని మనం ఎలా తూస్తాం?

అయితే అధ్యాపకుల ఆందోళనలో నిజం లేదని నేను అనను. టర్కీలో దాదాపు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థుల మీద జరిగిన ఒక పరిశోధన కళ్లు తెరిపించేది. చాట్‌జీపీటీ వంటి చాట్‌బాట్‌ను అడిగి లెక్కలు చేసిన పిల్లలు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు; పరీక్షలో దాన్ని తీసేసినప్పుడు, అసలు వాడనివారికంటే 17 శాతం వెనకబడ్డారు. అదే చాట్‌బాట్‌ను, జవాబు చెప్పకుండా అధ్యాపకులు సూచించిన పద్ధతిలో చిన్న చిన్న సూచనలు మాత్రమే అందించేలా మార్చినప్పుడు ఆ నష్టం చాలావరకు తప్పింది. కాబట్టి నిషేధం కంటే, దేన్ని అడగాలో, ఎక్కడ ఆగాలో నేర్పడం మంచిదని నా నమ్మకం. 'డిమాండు వ్యాకోచత్వం అంటే ఏమిటో ఉల్లిపాయల ధరతో తెలుగులో చెప్పు' అని రాత్రి పదకొండింటికి అడిగే విద్యార్థి చదువుకుంటున్నట్టే లెక్క.

ఇక మార్కుల సంగతి. మన సైన్సు ప్రాక్టికల్స్‌లో రికార్డుతో పాటు వైవా, అంటే నోటితో జవాబు చెప్పే పరీక్ష, ఉండనే ఉంది. పక్కవాడి రికార్డు చూసి దింపినవాడు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేసే రెండో ప్రశ్నకే తడబడటం మనందరం చూసిందే. ఆ పద్ధతిని ఆర్ట్స్, కామర్స్ అసైన్‌మెంట్లకూ తేవాలి. అరవైమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలంటే ఐదు గంటలు పడుతుంది. గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తున్న విభాగాలకు అది భారమే. ఆ భారం మోయడానికి అధ్యాపకులను నియమించాలి, సాఫ్ట్‌వేర్ చందాకు పెట్టే డబ్బు అటు మళ్లించాలి. ఈలోగా కనీసం ఒక్క నిబంధనైనా రాసుకోవచ్చు: చిత్తుప్రతి చూడకుండా, విద్యార్థి మాట వినకుండా సున్నా వేయకూడదు.

ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి, తెలుగులోనే చెప్పమని, ఒకే ప్రశ్న అడిగాం: బ్యాంకు వడ్డీ తక్కువ కదా, రైతు ఎరువుల దుకాణంలో అరువు ఎందుకు తెచ్చుకుంటాడు? నోటుబుక్కు చివరి పేజీ తిప్పి చూపించింది. విత్తనాలు, డీఏపీ బస్తాలు, పురుగుమందు, నూటికి రెండు రూపాయల వడ్డీ, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. "మాది కౌలు సార్. పాసుపుస్తకం భూమిగలాయన పేరున ఉంది. నాన్నకు బ్యాంకులో పంట రుణం ఇవ్వలేదు" అంది. శాఖాధిపతి మార్కుల జాబితాలో సున్నా కొట్టివేసి, పక్కన సంతకం చేశారు.