పచ్చలైటు వెలుగుతోందంటే సరిపోదు

అందరికీ నమస్కారం. లాడ్జీల వాళ్లు, ఆసుపత్రుల మేనేజర్లు, కల్యాణ మండపాల వాచ్‌మన్‌లు ఇంతమంది వచ్చారు కాబట్టి రూల్స్ చదివి విసిగించను. ఫైర్ అలారాలకి ఐఎస్ 2189 అని ఒక కోడ్ ఉంది, కావాల్సినవాళ్లకి తర్వాత చూపిస్తా. మీ మెట్ల కింద గోడకి ఒక ఎర్ర డబ్బా ఉంటుందే, ముందు అట్టపెట్టెలు పేర్చేసి ఉంటారు చూడండి, ఆ ఫైర్ అలారం ప్యానెల్ గురించే ఇవాళ.

పచ్చలైటంటే కరెంటు ఉందని, ఎర్రలైటంటే మంటలని అందరికీ తెలుసు. పసుపు లైటు దగ్గరే వస్తుంది గొడవ. అది వెలిగి ప్యానెల్ కుయ్ కుయ్ మంటా ఉంటే "ఏంది సార్ ఈ గోల, ముందు ఆపండి" అని ఫోన్ చేస్తారు. మామూలు ప్యానెల్‌లో ఒక్కో అంతస్తుకి ఒక జోన్ వైరు వెళ్తుంది, దానికి పొగని పసిగట్టే డిటెక్టర్లు ఉంటాయి, చివరి డిటెక్టర్ దగ్గర కరెంటుని కొద్దిగానే పోనిచ్చే రెసిస్టర్ అనే చిన్న ముక్క ఉంటుంది, ప్యానెల్ ఆ వైరులోకి ఎప్పుడూ కొద్దిగా కరెంటు పంపుతూ అది సరిగ్గా తిరిగొస్తోందా లేదా అని చూసుకుంటూ ఉంటుంది. పొగ తగిలితే డిటెక్టర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎర్రలైటు వస్తుంది. వైరుని ఎలక కొరికిందనుకోండి, కరెంటు ఆగిపోతుంది, పసుపు వస్తుంది, అంటే లైన్లో లోపం ఉందని.

నెల్లూరులో ఒక భవనం, పేరు వద్దులెండి. పసుపు లైటు ఎంతకీ పోవట్లేదని ఎవరో మూడో అంతస్తు వైరు పీకేసి, రెసిస్టర్‌ని తెచ్చి నేరుగా ప్యానెల్ టెర్మినల్లోనే బిగించేశారు. రెండు స్క్రూల మధ్య బియ్యపు గింజంత రెసిస్టర్, పక్కన గాల్లో వేలాడే వైరు. కరెంటు తిరిగొస్తోంది కదా అని ప్యానెల్ మటుకు పచ్చగా నవ్వుతా ఉంది, మూడో అంతస్తు మొత్తం తగలబడినా అది కిక్కురుమనదు. బిల్లు కూడా తీసుకునుంటాడు మహానుభావుడు!

అందుకే మీ సర్వీస్ అబ్బాయి వచ్చినప్పుడు ప్రతి అంతస్తులో ఆ చివరి డిటెక్టర్‌ని మీ ఎదుటే బేస్ నుంచి తిప్పి తీయించండి. పసుపు లైటు రావాలి. రాలేదా, ప్యానెల్ తలుపు తీయించి టెర్మినల్ చూడండి.

చీమకుర్తి వైపు వాళ్లకి ఇంకో తలనొప్పి. గ్రానైట్ దుమ్ము డిటెక్టర్లలో చేరి ఊరికే అలారం మోగుతుంది, విసుగొచ్చి ఆ జోన్‌ని ఐసోలేట్ చేస్తారు, అంటే పనిచేయకుండా ఆపేస్తారు, నెలలు గడిచినా అదలాగే ఉండిపోతుంది. శుభ్రం చేయించండి బాబూ, కట్టెయ్యకండి.

కరెంటు పోయినప్పుడు ప్యానెల్‌ని నడిపే బ్యాటరీలు రెండుంటాయి, పన్నెండు పన్నెండు కలిసి 24 వోల్టులు. మన ఒంగోలు ఎండలకి గాలాడని గదిలో పెడితే తొందరగా చచ్చిపోతాయి. ప్యానెల్ కరెంటు స్విచ్ ఆపి హూటర్, అదే సైరన్, మోగించి చూడండి, తెలిసిపోతుంది.

ఇక నిజంగా ఎర్రలైటు వచ్చిన రోజు రీసెట్ మీద చెయ్యి వెయ్యొద్దు. ఏ జోనో చూసి, ఒకరిని పైకి పంపి, జనాన్ని దించే పని వెంటనే మొదలుపెట్టండి. రీసెట్ నొక్కితే పొగ ఏ అంతస్తులో వచ్చిందో ఆ గుర్తు కూడా చెరిగిపోతుంది. ఏ జోన్ ఏ అంతస్తో రాసిన కాగితం ప్యానెల్ పక్కనే అంటించండి, తెలుగులో, నైట్ డ్యూటీ వాచ్‌మన్‌కి అర్థమయ్యేలా.