వేడినీళ్లు ఆగిపోయిన ఊరు: పికల్యోవో

చెల్లి: నమస్కారమండీ. ఈ వారం మనం రష్యా వెళ్తున్నాం. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి తూర్పుకి దాదాపు 250 కిలోమీటర్లు పోతే పికల్యోవో అని ఒక చిన్న ఫ్యాక్టరీ ఊరు వస్తుంది. 2010 లెక్కల ప్రకారం జనాభా 21 వేల పైచిలుకు. ఈ ఊరి గురించి అన్నయ్య నెల రోజులుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నాడు. ఎందుకన్నయ్యా అంత పట్టింపు?

అన్నయ్య: మనం ఉక్కునగరంలో పెరిగాం కదమ్మా. నీళ్లు రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా నాన్న ఎవరికి చెప్పేవారు? ప్లాంటు వాళ్లకే. అది కూడా సోవియట్ సాయంతో కట్టిన ప్లాంటే. పికల్యోవో సంగతి చదువుతుంటే నాకు మన క్వార్టర్సే కళ్ల ముందు మెదిలాయి.

చెల్లి: అక్కడ ఏం తయారు చేస్తారు?

అన్నయ్య: అల్యూమినా. అల్యూమినియానికి ముడిసరుకు. మామూలుగా బాక్సైట్ నుంచి తీస్తారు. ఇక్కడ మాత్రం నెఫెలిన్ అనే ఖనిజం నుంచి తీస్తారు. అది ఉత్తరాన కోలా ద్వీపకల్పం నుంచి రైల్లో వస్తుంది. దాన్ని సున్నపురాయితో కలిపి కొలిమిలో కాలుస్తారు. అల్యూమినా వేరుపడ్డాక మిగిలిన ద్రావణం నుంచి సోడా, పొటాష్ తీస్తారు. అడుగున మిగిలే బురద సిమెంటుకి పనికొస్తుంది. ఏదీ వృథా పోదు. సిమెంటు ఫ్యాక్టరీ 1930లలోనే వచ్చింది, అల్యూమినా 1959లో మొదలైంది. సోవియట్ కాలంలో ఇదంతా ఒకే సంస్థ.

చెల్లి: తర్వాత ముక్కలు చేశారు.

అన్నయ్య: మూడు ముక్కలు, ముగ్గురు యజమానులు. అల్యూమినా రష్యా కోటీశ్వరుడు ఒలెగ్ డెరిపాస్కా గ్రూపుకి, సిమెంటు యూరోసిమెంట్‌కి, సోడా, పొటాష్ మెటాఖిమ్‌కి వెళ్లాయి. ఒక ఇంట్లో పొయ్యి ఒకరిది, గిన్నె ఒకరిది, బియ్యం ఇంకొకరివి అయితే అన్నం ఎలా ఉడుకుతుంది? ధరల దగ్గర పేచీ వచ్చింది. 2008లో ఆర్థిక సంక్షోభం కూడా తోడైంది. అల్యూమినా ఆగితే బురద రాదు, సిమెంటు ఆగుతుంది. ద్రావణం రాదు, సోడా ఆగుతుంది. నెలల తేడాలో మూడూ మూతపడ్డాయి. వేల మందికి జీతాల్లేవు.

చెల్లి: ఇక వేడినీళ్ల సంగతి చెప్పు. మొన్న అది విన్నప్పుడు నాకు గుండె తరుక్కుపోయింది.

అన్నయ్య: మన ఇళ్లలో గీజర్ ఎవరిది వాళ్లకుంటుంది. ఆ ఊళ్లలో అలా కాదు. ఊరికంతా ఒకచోటే నీళ్లు కాగుతాయి. అక్కడి నుంచి లావుపాటి గొట్టాలు బయల్దేరతాయి. నేల గడ్డకట్టే చోట చాలావరకు నేల మీదనే, పైన దూది లాంటిది చుట్టి, రేకు కప్పి వేస్తారు. రోడ్డు అడ్డం వస్తే గొట్టం కమానులా పైకి లేచి, అటుపక్క మళ్లీ కిందికి దిగుతుంది. కింద నుంచి లారీలు పోతుంటాయి. అదే గొట్టం ప్రతి అపార్ట్‌మెంటులోకీ వచ్చి, చలికాలంలో గదులు వెచ్చబెడుతుంది, కుళాయికి వేడినీళ్లిస్తుంది.

చెల్లి: పికల్యోవోలో ఆ బాయిలర్లు ఎవరివి?

అన్నయ్య: అక్కడే ఉంది అసలు చిక్కు. ఊరికి వేడినిచ్చే పవర్ స్టేషన్ అల్యూమినా ఫ్యాక్టరీది. ఫ్యాక్టరీ ఆగింది, గ్యాస్ బాకీ పేరుకుపోయింది, 2009 మే నెల మధ్యలో గ్యాస్ ఆపేశారు. ఊరంతా వేడినీళ్లు బంద్. పసిపిల్లకి స్నానం చేయించాలంటే తల్లి పొయ్యి మీద గిన్నెలు గిన్నెలుగా కాచుకోవాలి. మే అంటే మనకి రోహిణి కార్తె ఎండలు, వాళ్లకి రాత్రుళ్లు ఇంకా చలి. జీతం లేకపోయినా జనం నెలలు ఓర్చుకున్నారు. కుళాయిలో చన్నీళ్లు వచ్చేసరికి ఓర్పు నశించింది.

చెల్లి: అప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లారా?

అన్నయ్య: లేదు. మే 20న వందల మంది ఊరి పాలక కార్యాలయానికి వెళ్లారు. లోపల ఈ విషయం మీదే మీటింగ్ నడుస్తోంది. తలుపులు తోసుకుని లోపలికి వెళ్లిపోయారు.

చెల్లి: ఆ కార్యాలయం చేతిలో ఏముందని?

అన్నయ్య: అప్పటి చట్టం ప్రకారం చాలా ఉంది. 2003 అక్టోబరు 6న వచ్చిన 131వ నంబరు చట్టం ప్రకారం వేడి, నీళ్లు, మురుగు, రోడ్లు, వీధి దీపాలు, చివరికి శ్మశానం కూడా ఊరి పాలనే చూసుకోవాలి. ఇప్పుడు డబ్బు లెక్క చూడు. ఫ్యాక్టరీ లాభం మీద పన్నులో ఊరికి పైసా రాదు. అప్పట్లో 20 శాతం పన్నులో 2 శాతం కేంద్రానికి, 18 శాతం ప్రాంతీయ ప్రభుత్వానికి. ఊరికి మిగిలేది భూమి పన్ను, ఇళ్ల పన్ను, జీతాల మీద ఆదాయపు పన్నులో పదో వంతు. ఆ జీతాలే ఆగిపోతే?

చెల్లి: ఆ పదో వంతు కూడా పోయినట్టే. అవసరం పెరిగిన రోజునే ఖజానా ఖాళీ.

అన్నయ్య: అవును. బాయిలర్ తమది కాదు, పన్ను తమకి రాదు. జవాబు మాత్రం తామే చెప్పాలి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల మీద నాకు నిజంగా జాలేసింది. జనాన్నీ తప్పుపట్టలేను. యజమానులు మాస్కోలో ఉన్నారు, నడిచి వెళ్లగలిగేది ఆ ఒక్క ఆఫీసుకే.

చెల్లి: జూన్‌లో రోడ్డెక్కారు.

అన్నయ్య: జూన్ 2న వొలోగ్దా హైవే మీద అడ్డంగా నిలబడ్డారు. గంటల తరబడి వాహనాలు ఆగిపోయాయి. జూన్ 4న పుతిన్ వచ్చారు, అప్పుడాయన ప్రధాని. టీవీ కెమెరాల ముందే యజమానులని గట్టిగా మందలించి, డెరిపాస్కాని పిలిచి ఒప్పందం మీద సంతకం పెట్టించారు. సంతకం చేసి డెరిపాస్కా వెళ్లిపోబోతుంటే, తన పెన్ను ఇచ్చి వెళ్లమన్నారు పుతిన్. దేశమంతా ఆ పెన్ను గురించే మాట్లాడుకుంది. 4 కోట్ల 10 లక్షల రూబుళ్ల పైచిలుకు జీతాల బకాయి ఆ రోజే కట్టమన్నారు.

చెల్లి: అంటే పని అయింది కదా?

అన్నయ్య: ఆ ఊరికి అయింది, సంతోషమే. కానీ నన్ను తొలిచేది వేరే. ఒక ఊళ్లో వేడినీళ్లు రావడానికి దేశ ప్రధాని దిగిరావాల్సి వచ్చింది. ఇలా ఒక్క ఫ్యాక్టరీ మీద బతికే ఊళ్లని వాళ్లు మోనోగోరోద్ అంటారు. 2014 ప్రభుత్వ జాబితాలో అలాంటివి 300కి పైగా చేరాయి. అన్నింటికీ ప్రధాని రాలేరు. ఊరి ఆఫీసుకే ఆ శక్తి ఉండి ఉంటే మే నెలలోనే తేలిపోయేది.

చెల్లి: ఇప్పుడు ఆ ఆఫీసుల పరిస్థితేంటి?

అన్నయ్య: 2025 మార్చిలో కొత్త చట్టం వచ్చింది. ప్రాంతీయ ప్రభుత్వాలు కావాలనుకుంటే చిన్న ఊళ్ల పాలక మండళ్లు తీసేసి, జిల్లా మొత్తాన్నీ ఒకే పాలన కిందికి తేవచ్చు. ఖర్చు తగ్గుతుందని, నిపుణులు ఒకచోట ఉంటారని వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎందుకంటే, అక్కడ ఒక నియమం ఉంది. వరసగా ఐదు రోజులు పగలూ రాత్రీ కలిపి సగటు 8 డిగ్రీల లోపుంటే గదుల హీటింగ్ మొదలుపెట్టాలి. మొదలుపెట్టమని ఉత్తర్వు ఇచ్చేది స్థానిక పాలనే. ఏటా చలి మొదలవగానే జనం ఆ కాగితం కోసమే చూస్తుంటారు.

చెల్లి: వేడి వచ్చినట్టు ఎలా తెలుస్తుంది?

అన్నయ్య: కిటికీ కింద ఇనుప రేడియేటర్ ఉంటుంది. దాని మీద చెయ్యి పెట్టి చూస్తారు.