చవక మందే ముందు మాయమవుతుంది!

నమస్కారం. ముందు ఈ ఖాళీ స్ట్రిప్పు చూడండి. పది గూళ్లు, పదీ నొక్కేసినవే. వెనక రేకు మీద తేదీ సగానికి చిరిగిపోయింది. ఇది మా మేనత్త వాడే లిథియం, 300 మిల్లీగ్రాములు. ఆవిడ అనుమతితోనే చూపిస్తున్నాను. బైపోలార్ జబ్బుకు, అంటే ఉత్సాహం, దిగులు హద్దు మీరి మారుతుండే మానసిక జబ్బుకు, ఏళ్ల తరబడి వాడుతున్నారు. ఈ మాత్ర ఉంది కాబట్టే ఆవిడ ఇల్లు నడుపుకున్నారు, మనవరాలికి జడలు వేసి బడికి పంపారు.

ఈ మాత్ర కోసం మా బావ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లాడు. లేదు. పాలకొల్లు వెళ్లాడు. లేదు. భీమవరంలో నాలుగు షాపులు తిరిగాడు. "స్టాకు లేదండి, వచ్చే వారం కనుక్కోండి" అన్నారు. వచ్చే వారమా! ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే మందు ఇది. వారం రోజులు ఆ ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది?

పోయిన వీడియోలో మందుల కొరత గురించి మాట్లాడితే మీలో చాలామంది ఒకటే మాట అన్నారు: షాపులవాళ్లు దాచేసి, రేటు పెరిగాక అమ్ముతున్నారని. నేను ఒప్పుకోను. టీ ఖరీదు కూడా లేని మాత్రను దాచి ఎవరు మేడలు కడతారు? నా వాదన ఒక్కటే. చవక మందే ముందు మాయమవుతుంది. లాభం లేని మందును చేసేవాడు ఉండడు, మోసేవాడు ఉండడు. ఖరీదైన మందు ఎక్కడికీ పోదు, ఏ షాపులో అడిగినా అద్దాల బీరువాలో కనిపిస్తుంది.

సాక్ష్యం కావాలా? జాతీయ ఔషధ ధరల సంస్థ, అదే ఎన్‌పీపీఏ, ధరలు అదుపులో ఉంచడానికే పుట్టింది. ఆ సంస్థే 2024 అక్టోబరులో ఎనిమిది మందులకు చెందిన 11 రకాల గరిష్ఠ ధరను 50 శాతం పెంచింది. ఎందుకంటే ఖర్చులు గిట్టడం లేదని కంపెనీలు మొత్తుకున్నాయి, కొన్ని తయారీ ఆపేస్తామని దరఖాస్తులు పెట్టుకున్నాయి. ఆ జాబితా చదువుతుంటే నాకు కడుపు మండింది. ఆయాసానికి సాల్బ్యుటమాల్. కంట్లో నీటికాసులకు పైలోకార్పిన్ చుక్కలు. తలసీమియా పిల్లలకు డెస్‌ఫెరియాక్సమిన్. పెన్సిలిన్ ఇంజక్షను. అట్రోపిన్! పురుగుమందు తాగిన మనిషిని ఆసుపత్రికి తెస్తే మొదట చేతికి తీసుకునే ఇంజక్షను అట్రోపిన్. వరి పండే మన జిల్లాల్లో దాని విలువ ఏ నర్సును అడిగినా చెబుతుంది. ఆ జాబితాలోనే మా అత్తయ్య లిథియం కూడా ఉంది. 2019లో, 2021లో కూడా కొన్ని మందులకు ఇలాగే పెంచాల్సి వచ్చింది.

పెన్సిలిన్ సంగతి మరీ బాధ. చైనా నుంచి చవకగా ముడిసరుకు దిగుమతి అవుతుంటే మన దేశంలోని ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2024లో, మన కాకినాడ జిల్లా తొండంగి దగ్గర పెన్సిలిన్-జి ఫ్యాక్టరీ మొదలైంది. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా గర్వంగా అనిపించింది. కానీ ముడిసరుకు పక్కనే తయారైతే చాలదు. దాన్ని ఇంజక్షనుగా మార్చే కంపెనీకి కూడా గిట్టుబాటు కావాలి కదా!

సరే, మనం ఏం చేయాలి? అత్తయ్య చేసిన పని మాత్రం చేయవద్దు. మిగిలిన నాలుగు మాత్రలను రోజు విడిచి రోజు వేసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరు గారు తెలిసి కోప్పడ్డారు, కోప్పడాల్సిందే.

ఇప్పుడు మళ్లీ స్ట్రిప్పు చూడండి. కంపెనీ పెట్టిన పేరు కాదు, అసలు మందు పేరు చూడండి: లిథియం కార్బొనేట్. మా బావ అప్పటిదాకా అడిగింది కంపెనీ పేరే. అసలు పేరుతో అడిగేసరికి భీమవరంలో అంతకు ముందు లేదన్న షాపులోనే ఇంకో కంపెనీది ఉందన్నారు. ఉంది, కానీ ఇవ్వలేదు. వాళ్ల తప్పు కాదు. షెడ్యూల్ హెచ్ మందుల్లో, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లో, చీటీ మీద రాసినదానికి బదులు వేరేది ఇవ్వకూడదని నిబంధన ఉంది. అందుకే డాక్టరు గారికి ఫోను చేసి, అసలు పేరుతో కొత్త చీటీ రాయించుకోవాలి. ఆయన రాసిచ్చారు. కంపెనీ మారింది కాబట్టి వారం తర్వాత రక్తంలో లిథియం ఎంత ఉందో పరీక్ష చేయించమన్నారు. ఇలాంటి మందుల్లో సొంతంగా కంపెనీ మార్చుకోవడం ప్రమాదం. అసలు పేరు చేతిలో ఉంటే జన ఔషధి కేంద్రంలో కూడా అడగవచ్చు.

లంక గ్రామాలవాళ్లకు ఇంకో మాట. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు పంటు ఉండదు, పడవ దొరికినా షాపు తెరిచి ఉండదు. జూన్‌లోనే డాక్టరును అడిగి పదిహేను రోజుల మందు అదనంగా తెచ్చుకోండి. పదిహేను రోజులకే. ఏడాదికి సరిపడా కొని పెట్టుకుంటే పక్కింటివాడికి ఉండదు.

చివరిగా ఫిర్యాదు. ధరల నియంత్రణ జాబితాలోని మందును ఆపేయాలంటే కంపెనీ ఆరు నెలల ముందే బహిరంగ ప్రకటన ఇవ్వాలి. 2013 నాటి ఉత్తర్వు అది. ప్రజలకు అవసరమనుకుంటే ఏడాది వరకు తయారీ కొనసాగించమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఆ మందు మన ఊళ్లో దొరకడం లేదని ఢిల్లీకి చెప్పాల్సింది మనమే. ఎన్‌పీపీఏ ఉచిత నంబరు 1800 111 255. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ ఊరు, ఎన్ని షాపుల్లో అడిగారు, ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఫోను చేయండి. నేను చేశాను. లిథియం కార్బొనేట్ 300, నరసాపురం, పాలకొల్లు, భీమవరం అని ఒక్కో ఊరి పేరూ చెప్పి రాయించాను.